తలలో గడ్డ ఉందన్నారా? బెంగళూరు బస్సెక్కే ముందు, ఎక్కాక చేయాల్సినవి

"అన్నా, స్కానింగ్‌లో తలలో గడ్డ ఉందన్నారు. నిమ్హాన్స్‌కి తీసుకురమ్మంటావా?"

అనంతపురం, హిందూపురం, మదనపల్లె వైపు నుంచి నెలకు ఒకటో రెండో ఫోన్లు ఇలాంటివి వస్తుంటాయి. నేను డాక్టర్ని కాను. బెంగళూరు విల్సన్ గార్డెన్‌లో ఉంటాను, మెదడు, నరాల జబ్బులు చూసే నిమ్హాన్స్ ఆసుపత్రి ఇక్కడికి దగ్గర. 2018లో మా బాబాయికి గ్లయోమా (మెదడులోనే పుట్టే ఒక రకం గడ్డ) బయటపడ్డప్పుడు రెండేళ్ళపాటు ఆయన ఫైలు మోసింది నేనే. ఏ మందు వాడాలో డాక్టరు చెబుతారు. ఆ మందు వేళకు పడేలా చూడటం, కాగితాలు పోకుండా కాపాడటం, అడగాల్సింది అడగడం మాత్రం ఇంట్లోవాళ్ళ పని. ఆ పని ఎలా చేయాలో ఫోన్లో ప్రతిసారీ చెప్పే మాటల్నే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఇది చూడండి

ఫిట్స్ 5 నిమిషాలు దాటినా, ఒక ఫిట్ నుంచి తేరుకోకముందే ఇంకోటి వచ్చినా, మనిషి మగతగా పడిపోయి పిలిస్తే పలకకపోయినా, భరించలేని తలనొప్పితో వాంతులు ఆగకపోయినా, ఉన్నట్టుండి ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోయినా బెంగళూరు ప్రయాణం పెట్టుకోకండి. 108కి ఫోన్ చేసి, సీటీ స్కాన్ ఉన్న దగ్గరి ఆసుపత్రికి వెళ్ళండి. తలలో నీరు చేరినా, రక్తస్రావం అయినా సీటీలో నిమిషాల్లో తెలుస్తుంది. మనిషి కాస్త కుదుటపడ్డాక, అక్కడి డాక్టరు సరేనన్నాక బయల్దేరవచ్చు. "పెద్దాసుపత్రికే పోదాం" అని కారులో నాలుగు గంటలు పడుకోబెట్టి తేవడం నేను చూసిన తప్పుల్లోకెల్లా పెద్దది.

వెంట ఉండాల్సినవి

- ఎంఆర్ఐ, సీటీ ఫిల్ములు, రిపోర్టులు, వాటి సీడీ లేదా పెన్‌డ్రైవ్
- ఇప్పుడు వేసుకుంటున్న మాత్రలన్నీ, అట్టలతో సహా
- పాత జబ్బుల కాగితాలు, ముఖ్యంగా ఎప్పుడో రొమ్ముకో, ఊపిరితిత్తికో, కిడ్నీకో చికిత్స జరిగి ఉంటే అవి
- ఆధార్, రేషన్ కార్డు, ఆరోగ్య పథకం కార్డు, ఇన్సూరెన్స్ ఉంటే దాని కార్డు
- రెండు వందల పేజీల నోటుబుక్కు ఒకటి
- నిర్ణయాలు తీసుకోగల మనిషి ఒకరు (నలుగురు వద్దు)

1. రిపోర్టు చివర 'ఇంప్రెషన్' దగ్గర ఆగండి

రిపోర్టు మొత్తం గూగుల్ చేయకండి, నిద్ర పట్టదు. చివర్లో 'ఇంప్రెషన్' అని ఉండే రెండు మూడు వాక్యాలు చాలు. 'ఎస్ఓఎల్' అని ఉంటే చోటు ఆక్రమించిన గడ్డ ఏదో ఉందని మాత్రమే అర్థం, క్యాన్సర్ అని కాదు. మన దేశంలో టీబీ గడ్డలు, బద్దెపురుగు గుడ్ల వల్ల వచ్చే తిత్తులు, చీము గడ్డలు కూడా స్కాన్‌లో ఉంగరంలా మెరుస్తూ కనిపిస్తాయి. వాటిలో చాలావాటికి మందులతోనే నయమవుతుంది.

'మెనింజియోమా' అని రాస్తే అది మెదడు పైపొరల్లోంచి పుట్టిన గడ్డ. ఎక్కువశాతం క్యాన్సర్ కాదు. చిన్నదిగా ఉండి ఇబ్బంది పెట్టకపోతే, ఆరు నెలలకో ఏడాదికో ఎంఆర్ఐ తీస్తూ ఊరికే గమనిస్తారు. 'మెటాస్టాసిస్' అంటే వేరే అవయవంలోని క్యాన్సర్ మెదడుకు చేరిందేమోనన్న అనుమానం. పెద్దవాళ్ళలో మెదడులోనే పుట్టే క్యాన్సర్ల కంటే ఇలా పాకి వచ్చేవే ఎక్కువ. పాత కాగితాలు తెమ్మన్నది అందుకే. తొమ్మిదేళ్ళ కింద రొమ్ము ఆపరేషన్ అయిందని ఒక అత్త డాక్టరు ముందు కూర్చున్నప్పుడు కూడా చెప్పలేదు. "అది తగ్గిపోయింది కదా నాయనా" అంది.

'గ్లయోమా' అంటే మెదడు కణాలకు ఊతంగా ఉండే కణాల్లోంచి పుట్టేది. 1 నుంచి 4 వరకు గ్రేడులుంటాయి. 1 నెమ్మదిగా పెరుగుతుంది, 4 చాలా వేగంగా. స్కాన్ రిపోర్టులో 'హై గ్రేడ్' అని రాసినా అది అనుమానమే. తేల్చేది ముక్క తీసి చేసే పరీక్ష.

2. ఫైలు కట్టండి

తేదీల వరుసలో పెట్టండి, పాతది కింద, కొత్తది పైన. ఒక్కో కాగితాన్నీ ఫోన్లో ఫొటో తీసి ఇంట్లో ఇంకొకరికి పంపండి.

ఎక్కువమంది తడబడేది సీడీ దగ్గరే. ఫిల్ములు పెద్ద కవర్లో భద్రంగా తెస్తారు, సీడీ తీసుకోరు. ఆపరేషన్ ప్లాన్ చేసే సర్జన్‌కి కంప్యూటర్లో ముక్కముక్కా తిప్పి చూసే చిత్రాలు కావాలి. మా బాబాయికి మొదట స్కాన్ తీసిన చోట సీడీ ఇచ్చారు, సంతోషపడ్డాం. ఇక్కడికొచ్చి తెరిస్తే ఖాళీ! మళ్ళీ ఎంఆర్ఐ, మళ్ళీ డబ్బు, ఐదు రోజులు వృథా.

సరిచూసుకోవడం ఎలాగంటే, స్కానింగ్ సెంటర్ గడప దాటకముందే అక్కడి కంప్యూటర్లోనే సీడీ తెరిపించండి. పేషెంటు పేరు, తేదీ, వందల కొద్దీ చిత్రాలు కనిపించాలి. నాలుగైదు ఫొటోలే ఉంటే అది పనికిరాదు, 'డైకమ్' ఫైళ్ళు (స్కాన్ అసలు చిత్రాలు) కావాలని అడగండి.

ఎంఆర్ఐ ఇంకా తీయించకపోతే 'కాంట్రాస్ట్'తో (గడ్డ స్పష్టంగా కనిపించేలా నరంలోకి మందు ఎక్కించి) తీయమని రాశారో లేదో చూసుకోండి. కిడ్నీ జబ్బు, గుండెకు పేస్‌మేకర్, ఒంట్లో ఏదైనా లోహం ఉంటే ముందే చెప్పండి. ఎంఆర్ఐ కుదరనివాళ్ళకు కాంట్రాస్ట్ సీటీతో పని నడిపిస్తారు.

3. ఎక్కడికి వెళ్ళాలి

బెంగళూరులో హోసూరు రోడ్డు మీదున్న నిమ్హాన్స్ కేంద్ర ప్రభుత్వానిది. 2012 నుంచి జాతీయ ప్రాముఖ్యత గల సంస్థ. మెదడు, నరాల ఆపరేషన్లకు రాయలసీమ నుంచి చాలామంది ఇక్కడికే వస్తారు. దాన్ని ఆనుకున్నట్టే కిద్వాయి క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, రాష్ట్ర ప్రభుత్వానిది. ఒకచోట ఆపరేషన్ చేయించుకుని రెండోచోట రేడియేషన్ తీసుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. ప్రైవేటుకు వెళ్తే మూడు సంగతులు అడగండి: న్యూరోసర్జన్, రేడియేషన్ డాక్టర్, కీమో డాక్టర్ ముగ్గురూ కలిసి కేసు మాట్లాడుకుంటారా? ఆపరేషన్ మధ్యలో ముక్క పరీక్ష చేసే ఏర్పాటు ఉందా? రేడియేషన్ అక్కడే ఉందా, బయటికి పంపుతారా?

నెల్లూరు, తిరుపతి వైపు వాళ్ళకు నా సలహా వేరు. మీకు వేలూరు సీఎంసీ, చెన్నై అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ దగ్గర. నేనిక్కడ ఉన్నానని బెంగళూరు రావద్దు. ఈ జబ్బుకు ఒకసారి వచ్చిపోతే సరిపోదు, ఏడాది తిరగాలి.

మెజెస్టిక్ బస్టాండులో దిగాక ఆటో కంటే ముందు ఆసుపత్రికి ఫోన్ చేయండి, ఓపీ ఏ రోజు, రిజిస్ట్రేషన్ ఎన్ని గంటలకు అని. పొద్దున్నే వెళ్ళాలి. కన్నడ రాదని కంగారు వద్దు, తెలుగు అర్థమయ్యేవాళ్ళు ప్రతి కౌంటర్ దగ్గరా దొరుకుతారు. సంతకం పెట్టే కాగితం మాత్రం ఎవరితోనైనా తెలుగులో చెప్పించుకున్నాకే పెట్టండి.

4. డాక్టరు ముందు కూర్చున్నప్పుడు

పది నిమిషాలు దొరికితే గొప్ప. ప్రశ్నలు రాత్రే నోటుబుక్కులో రాసుకోండి. నేను అడిగించేవి ఇవి:

- గడ్డ మొత్తం తీయగలరా, కొంతేనా, ముక్క మాత్రమేనా?
- మాట, నడక, చూపు దెబ్బతినే చోట ఉందా?
- ఆపరేషన్ చేయకపోతే ఏమవుతుంది? రెండు వారాలు ఆగవచ్చా?
- చిన్న గడ్డ అయితే గామా నైఫ్ కుదురుతుందా? (పేరులో కత్తి ఉంది కానీ కోత ఉండదు, రేడియేషన్ కిరణాలే.)
- మొత్తం ఖర్చు అంచనా కాగితం ఇస్తారా?

రెండో అభిప్రాయం తీసుకుంటామంటే డాక్టర్లు ఏమీ అనుకోరు. ఆ పేరుతో ఆరు ఆసుపత్రులు తిరిగి నెల పోగొట్టుకోకండి.

ఇంకో మాట. "ఆయనకు చెప్పకండి డాక్టర్ గారూ" అని చాటుగా బతిమాలతాం మనం. నేనూ బతిమాలాను. కన్నడ అక్షరాలు మన అక్షరాలకు దగ్గర కదా, కిద్వాయి ముందు ఆటో ఆగగానే మా బాబాయి బోర్డు కూడబలుక్కుని చదివేశాడు. "ఇన్నాళ్ళూ నాతో నాటకం ఆడతాండారా?" అన్నాడు. ఆ తర్వాత నెల రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. తెలివిలో ఉన్న మనిషికి తెలిసేలా, ఆయన అడిగినంత మేరకు చెప్పండి. పొలం కాగితాలు, బ్యాంకు సంగతులు మాట చక్కగా ఉన్నప్పుడే ఆయన సర్దుకోవాలి కదా.

5. రెండు మాత్రల విషయంలో ఏమరుపాటు వద్దు

మొదటిది డెక్సామెథాసోన్, వాడుకలో డెక్సా. గడ్డ చుట్టూ ఉన్న వాపును తగ్గిస్తుంది. రెండు రోజుల్లో తలనొప్పి పోయి, చెయ్యి లేచి, మనిషి నవ్వుతూ తిరుగుతాడు. తప్పు ఇక్కడే జరుగుతుంది. "తగ్గిపోయింది" అని మాత్రలు ఆపేస్తారు, లేదా ఆపరేషన్ వాయిదా వేసి ఎవరో చెప్పిన పసరు మందుకు పోతారు. తగ్గింది వాపు, గడ్డ అక్కడే ఉంది. పైగా కొన్నాళ్ళు వాడిన డెక్సాను ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు రాసిచ్చిన లెక్క ప్రకారం మెల్లగా తగ్గించాలి.

తిన్నాకే వేయండి. రెండో డోసు ఉంటే మధ్యాహ్నం లోపే పూర్తిచేయండి, రాత్రి వేస్తే నిద్ర పట్టదు. షుగర్ లేనివాళ్ళకు కూడా దీంతో షుగర్ పెరుగుతుంది, పరీక్ష చేయిస్తూ ఉండండి. నోట్లో తెల్లటి పూత వస్తే చెప్పండి. వారాల తరబడి వాడితే తొడల బలం తగ్గి, కింద కూర్చుంటే లేవలేరు. బాత్‌రూమ్‌లో కమోడ్ కుర్చీ పెట్టించండి.

రెండోది ఫిట్స్ మాత్ర, ఎక్కువగా లెవెటిరాసెటమ్ రాస్తారు. పన్నెండు గంటల తేడాతో రెండు పూటలు. ఆపరేషన్ రోజు పొద్దున కూడా వేయాలా అని అడగండి, చాలాసార్లు గుక్కెడు నీళ్ళతో వేయమంటారు. ఈ మాత్రతో కొందరికి ఊరికే కోపం వస్తుంది. శాంతంగా ఉండే మనిషి ప్లేటు విసిరేస్తే అది మందు వల్లా కావచ్చు, గడ్డ వల్లా కావచ్చు. డాక్టరుకు చెప్పండి, మీరే ఆపేయకండి.

సరిచూసుకోవడానికి సులువైన దారి: అట్ట మీద ప్రతి మాత్ర పక్కనా స్కెచ్‌పెన్‌తో తేదీ, పూట రాసేయండి. "వేసుకున్నాడా లేదా" అనే గొడవ ఉండదు. జ్ఞాపకం తప్పుతున్న మనిషి చేతికి డబ్బా ఇవ్వకండి.

ఇంట్లో ఫిట్స్ వస్తే: పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తటిదేదైనా పెట్టండి, గడియారం చూడండి. తాళాల గుత్తి చేతిలో పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపడం, పళ్ళ మధ్య స్పూను దూర్చడం, నీళ్ళు పోయడం వద్దు. ముక్కులో కొట్టే మిడజోలమ్ స్ప్రే రాసిస్తారేమో ముందే అడిగి ఇంట్లో ఉంచుకోండి. బైకు తాళాలు దాచేయండి. ఈ విషయంలో ఎంత గొడవ పడినా తగ్గకండి.

6. ఆపరేషన్, ఆ తర్వాత

ఆపరేషన్ అయిన ఒకటి నుంచి మూడు రోజుల్లోపు మళ్ళీ ఎంఆర్ఐ తీస్తే ఎంత గడ్డ మిగిలిందో స్పష్టంగా తెలుస్తుంది. ఆలస్యమైతే ఆపరేషన్ గాయం మార్పులు కలిసిపోయి గందరగోళంగా కనిపిస్తుంది. తీస్తారా అని ముందే అడగండి.

కన్ను చుట్టూ వాపు కొద్ది రోజులుంటుంది, భయపడక్కర్లేదు. కానీ కుట్లలోంచి గానీ ముక్కులోంచి గానీ నీళ్ళలా కారినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా, ఒక కాలి పిక్క వాచి నొప్పెట్టినా, ఆయాసం వచ్చినా అదే రోజు వెళ్ళాలి.

7. బయాప్సీ (ముక్క పరీక్ష) రిపోర్టు పూర్తిగా వచ్చిందా?

"రిపోర్టు వచ్చింది, గ్రేడ్ 4 అంట" అని ఫోన్ పెట్టేస్తారు. అది సగమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 వర్గీకరణ ప్రకారం గ్లయోమా పేరు తేలాలంటే జన్యు పరీక్షలూ కావాలి. రిపోర్టులో ఈ మాటలు ఉన్నాయో లేదో వేలు పెట్టి వెతకండి:

- ఐడీహెచ్: ఈ జన్యువులో మార్పు ఉంటే సాధారణంగా జబ్బు కాస్త నెమ్మది, ఆయువు ఎక్కువ
- 1పి/19క్యూ: ఈ రెండు క్రోమోజోమ్ ముక్కలూ లోపించి, ఐడీహెచ్ మార్పు కూడా ఉంటే ఆలిగోడెండ్రోగ్లయోమా అనే రకం, మందులకు బాగా లొంగుతుంది
- ఎంజీఎంటీ: గ్లయోబ్లాస్టోమాలో (గ్రేడ్ 4 గ్లయోమాలో ఒక రకం) టెమోజోలమైడ్ అనే కీమో మందు ఎంత పనిచేస్తుందో అంచనా వేయడానికి

లేకపోతే "పంపారా, ఎప్పుడొస్తాయి?" అని అడగండి. అన్నీ ప్రతి గడ్డకూ అవసరం ఉండవు, మెనింజియోమాకు ఇవి వెతకక్కర్లేదు.

డిశ్చార్జ్ అయ్యేటప్పుడు, తీసిన ముక్కను భద్రపరిచిన గాజు స్లైడులు, మైనపు బ్లాకులు ఎలా తీసుకోవాలో కనుక్కోండి. రెండో అభిప్రాయానికైనా, ఇంకో పరీక్షకైనా అవే కావాలి. ఏప్రిల్ ఎండలో కారు డాష్‌బోర్డు మీద పెట్టకండి, మైనం కరుగుతుంది.

8. కరెంటు, క్యాప్సూళ్ళు

ఊళ్ళో కరెంటు పెట్టడం అంటారు కానీ రేడియేషన్‌లో షాక్ ఏమీ ఉండదు. ముఖానికి సరిపోయే ప్లాస్టిక్ మాస్కు చేసి, తల కదలకుండా బిగించి కొద్ది నిమిషాలు కిరణాలు ఇస్తారు. గ్లయోబ్లాస్టోమాకు మామూలుగా 60 గ్రే (రేడియేషన్ కొలత), 30 విడతల్లో, వారానికి 5 రోజుల చొప్పున 6 వారాలు. వయసు పైబడినవాళ్ళకు, బలహీనంగా ఉన్నవాళ్ళకు 15 విడతల్లో ముగించే పద్ధతి కూడా ఉంది, అడగండి. ఆపరేషన్ తర్వాత మూడు నుంచి ఆరు వారాల్లో మొదలుపెడతారు, కాబట్టి మాస్కు, ప్లానింగ్ తేదీలు డిశ్చార్జ్ రోజే మాట్లాడుకోండి. ఆరు వారాలు బెంగళూరులో గది అద్దె భరించలేకపోతే ధర్మశాల గురించి సోషల్ వర్కర్‌ని అడగండి. లేదా ప్లాన్ ఇక్కడ రాయించుకుని తిరుపతిలోనో హైదరాబాద్‌లోనో తీసుకోవచ్చా అని అడగండి. పండక్కి ఊరెళ్ళి మధ్యలో నాలుగు రోజులు మానేయడం మాత్రం వద్దు.

దానితోపాటు టెమోజోలమైడ్ క్యాప్సూళ్ళు. రేడియేషన్ రోజుల్లో తక్కువ డోసు, రోజూ. అది అయ్యాక సుమారు నెల విరామం. తర్వాత ఎక్కువ డోసు 5 రోజులు వేసి 23 రోజులు ఆపడం, ఇలా సాధారణంగా ఆరుసార్లు. ఈ రెండు లెక్కలూ కలిపేసుకుని, ఐదు రోజుల డోసును పది రోజులు మింగిన కేసు నాకు తెలుసు. క్యాలెండర్లో ఆ ఐదు తేదీలకే ఎర్ర సున్నా చుట్టండి. 20, 100, 250 మిల్లీగ్రాముల సైజులుంటాయి. ఇవాళ్టి డోసుకు ఏవి ఎన్నో డాక్టరు దగ్గరే రాయించుకోండి.

ఖాళీ కడుపుతో వేయాలి, వాంతుల మాత్ర ముందుగా. మింగాక వాంతైతే ఆ రోజు ఇంకోటి వేయకండి. క్యాప్సూల్ విప్పకూడదు, నమలకూడదు. గర్భిణులు ముట్టుకోకూడదు. ప్రతి విడతకు ముందు రక్త పరీక్ష తప్పదు. ప్లేట్‌లెట్లు లక్ష లోపుంటే మొదలుపెట్టరు. జ్వరం 100.4 దాటితే పారాసెటమాల్ వేసి ఇంట్లో కూర్చోవద్దు, రాత్రయినా ఆసుపత్రికి వెళ్ళాలి. జనరిక్ రకం రాయమని అడగడానికి మొహమాటపడకండి, ధరలో చాలా తేడా ఉంటుంది.

9. తర్వాతి స్కాన్ చూసి బెదిరిపోకండి

రేడియేషన్ అయిన మొదటి మూడు నెలల్లో తీసే ఎంఆర్ఐలో గడ్డ పెరిగినట్టు కనిపించవచ్చు, నిజంగా పెరగకపోయినా. రేడియేషన్ వల్ల వచ్చిన వాపు అలా మోసం చేస్తుంది. అందుకే మనిషి బాగానే ఉంటే డాక్టర్లు మందు మార్చకుండా ఒకటి రెండు నెలలాగి మళ్ళీ తీస్తారు. ప్రతిసారీ పాత సీడీలు వెంట ఉండాలి, వీలైతే ఒకే మెషీన్‌లో తీయించాలి. గ్లయోబ్లాస్టోమాకు రెండు మూడు నెలలకోసారి స్కాన్ ఉంటుంది.

స్కాన్‌తో పాటు మనిషిని కూడా చూడండి. ఆదివారం ఆదివారం నోటుబుక్కులో మూడు వాక్యాలు రాయండి: నడక ఎలా ఉంది, మాట వెతుక్కుంటున్నాడా, ఈ వారం డెక్సా ఎంత. మా బాబాయి విషయంలో జబ్బు తిరగబెట్టిన సంగతి స్కాన్ కంటే ముందు ఆ పుస్తకంలోనే కనిపించింది. చొక్కా బొత్తాలు పెట్టుకోవడానికి పట్టే సేపు వారం వారం పెరిగింది.

డబ్బు సంగతి

చేరకముందే అడగాలి. బిల్లు సగమయ్యాక పథకంలోకి మారడం చాలా కష్టం. ఆంధ్రా ఆరోగ్య పథకం కార్డు ఈ ఆసుపత్రిలో ఈ ఆపరేషన్‌కు చెల్లుతుందా, ఆయుష్మాన్ భారత్ చెల్లుతుందా, పేదలకు రాయితీ ఉందా అని మూడూ విడివిడిగా అడగండి. ముఖ్యమంత్రి సహాయ నిధికి ఖర్చు అంచనా కాగితం, ఒరిజినల్ బిల్లులు కావాలి, ఒక్కటీ పారేయకండి. క్యాన్సర్ చికిత్సకు వెళ్ళే రోగికి రైల్లో స్లీపర్, థర్డ్ ఏసీల్లో పూర్తి రాయితీ, తోడు వెళ్ళేవారికి 75 శాతం. దాని ఫారం ఆసుపత్రి నుంచే తీసుకోవాలి. వచ్చేవాళ్ళలో ఎక్కువమందికి ఇది తెలియదు.

10. "ఇక చేసేదేమీ లేదు" అన్నప్పుడు

అలా అన్నారంటే గడ్డకు మందు లేదని. నొప్పికి, ఫిట్స్‌కి, మింగలేకపోవడానికి, పుండ్లు పడకుండా ఉండటానికి చేయాల్సింది చాలా ఉంది. పాలియేటివ్ (బాధ తగ్గించే) విభాగానికి రాయమని మీరే అడగండి, ఆఖరి వారం దాకా ఆగకండి. మారతహళ్ళి దగ్గరున్న కరుణాశ్రయలో క్యాన్సర్ రోగులను ఉచితంగా చూసుకుంటారు. సొంత ఊరికే తీసుకెళ్తామంటే, మాత్రలు మింగలేని రోజు వస్తే ఫిట్స్ మందు ఎలా ఇవ్వాలో, రాత్రిపూట ఎవరికి ఫోన్ చేయాలో డిశ్చార్జ్ కాగితం మీద రాయించుకుని బయల్దేరండి. మేము అది అడగడం మర్చిపోయాం. హిందూపురం దాటాక గుర్తొచ్చింది.